ఇంటికి వచ్చే పెట్టెకు ఇంటి నుడి రావద్దా?

సరిహద్దు జిల్లాల తెలుగు ఇళ్ళలోకి కొన్నేళ్ళుగా ఒక కొత్త వస్తువు వచ్చి చేరుతున్నది. అరచేతిలో ఇమిడే పెట్టెగానో, వేలెడంత కడ్డీగానో ఉంటుంది. టీవీకి తగిలించి ఇంటి ఇంటర్నెట్టుతో కలిపితే చాలు. సినిమాలు, ధారావాహికలు, వార్తలు, పిల్లల బొమ్మల కథలు అన్నీ తెరమీదికి వస్తాయి. స్ట్రీమింగ్ బాక్సు అంటున్నారు. దీనిని కొనబోయే మనవాళ్ళు దుకాణంలో అడిగే ప్రశ్నలు సాధారణంగా రెండే: వెల ఎంత? బొమ్మ ఎంత స్పష్టంగా వస్తుంది? హోసూరులో కానీండి, బళ్ళారిలో కానీండి, బరంపురంలో, సిరొంచలో, యానాంలో కానీండి, తెలుగు కుటుంబం అన్నిటికంటె ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉన్నది. ఈ పెట్టెకు తెలుగు వచ్చునా?

ఇది వస్తువుల బేరం, దీనిలోకి భాషోద్యమాన్ని ఎందుకు లాగుతారని కొందరు అనవచ్చు. బేరం కనుకనే లాగుతున్నాం. బడిలో ఏ భాష చెప్పాలో మన చేతిలో లేదు. సర్కారు కచేరీలో ఏ భాషలో అర్జీ పెట్టుకోవాలో మన చేతిలో లేదు. మన డబ్బుతో కొని మన నట్టింట పెట్టుకునే పెట్టె ఏ భాషలో మాట్లాడాలో మాత్రం మన చేతిలోనే ఉన్నది. మిగిలిన ఆ ఒక్క అధికారాన్ని కూడా నోరు తెరవకుండానే వదులుకుంటున్నాం.

బడి పోయిన చోట ఇల్లే బడి

మనలో చాలామంది ఉన్నచోటనే ఉన్నాం, గీతలే కదిలాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి, బరంపురం గీతకు అటువైపు పోయాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించిన నాడే బళ్ళారి మైసూరులో కలిసింది. ప్రాణహిత ఒడ్డునున్న సిరొంచ మహారాష్ట్రకు చెందింది. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాం నేడు పుదుచ్చేరి పాలనలో ఉన్నది. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగును తల్లిభాషగా చెప్పుకున్నవారు తమిళనాడులో 42 లక్షలకు పైగా, కర్ణాటకలో 35 లక్షలకు పైగా ఉన్నారు. ఇది చిన్న జనం కాదు.

భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య తల్లిభాషలో అందే ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణం 1956 నుండి చెబుతూనే ఉన్నది. ఆచరణ ఎలా ఉన్నదో మనకు తెలుసు. తమిళనాడు 2006లో చేసిన చట్టం, 2006-07 విద్యాసంవత్సరం నుండి ఒకటవ తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక తరగతి చొప్పున పదవ తరగతి దాకా తమిళాన్ని తప్పనిసరి మొదటి భాషను చేసింది. తమిళం నేర్చుకోవడానికి మనకు ఏ అభ్యంతరమూ లేదు. ఆ చోటు కోసం తెలుగు పక్కకు తప్పుకోవలసి రావడమే మన బాధ.

బడిలో తెలుగు కరవైన బిడ్డకు తెలుగు దొరికే చోటు ఇల్లు ఒక్కటే. ఆ ఇంట్లో అవ్వ మాట ఒకవైపు, టీవీ మాట మరొకవైపు. అవ్వ రోజంతా మాట్లాడదు. టీవీ మాట్లాడుతుంది. అందుకే టీవీకి తగిలించే పెట్టె మన పాలిట వినోద సాధనం మాత్రమే కాదు.

గీత చెరిగింది, గడప మిగిలింది

కేబుల్ టీవీ రోజుల్లో మన ఇంటి భాషను కేబుల్ నడిపేవాడే నిర్ణయించేవాడు. ఆ రాష్ట్ర భాష ఛానళ్ళు ముందు వరుసలో, తెలుగు ఛానళ్ళు అతని దయమీద. ఎవరికి కావలసిన ఛానళ్ళను వారే ఎంచుకొనే పద్ధతిని ట్రాయ్ 2019 ఫిబ్రవరి 1 నుండి అమలులోకి తెచ్చింది. ఎంచుకోని వినియోగదారులను, వారి వాడకాన్నీ భాషనూ చూసి, తగిన పథకంలో చేర్చమని కేబుల్, డీటీహెచ్ సంస్థలకు చెప్పింది. ఎంచుకోనివాడి భాషను ఇంకొకరు ఊహించారన్నమాట. సరిహద్దు జిల్లాలో ఆ ఊహ ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా?

స్ట్రీమింగ్ పెట్టెకు రాష్ట్రాల గీతలతో పనిలేదు. సన్ నెక్స్ట్ 2017లో, జీ5 2018లో, ఆహా 2020 ఉగాదికి వచ్చాయి. ప్రసార భారతి 2024 నవంబరులో వేవ్స్ అనే వేదికను తెలుగుతో సహా అనేక భాషల్లో ప్రారంభించింది. విజయవాడలో కనిపించే తెలుగు ఇప్పుడు సిరొంచలోనూ కనిపించగలదు. గీతకు అవతల చిక్కుకున్న తెలుగువారికి ఇంతకంటె మంచి అవకాశం మునుపు రాలేదు.

అయితే గీత చెరిగిన చోట ఒక గడప మిగిలింది. పెట్టెను మొదటిసారి తెరిచినప్పుడు అది అడిగే మొదటి ప్రశ్న భాషను గురించే. బిగించడానికి వచ్చిన కుర్రవాడు మనల్ని అడగకుండానే ఆంగ్లాన్ని నొక్కి ముందుకు పోతాడు. అరనిమిషం పని. ఆనాటి నుండి తెరమీది ప్రతి మాటా ఆంగ్లమే. తర్వాత మనం ఏది చూస్తే దానివంటివే యాప్‌లు మన ముందు పరుస్తాయి. మొదటి వారం హిందీ డబ్బింగ్ చూసిన ఇంటికి మరిన్ని హిందీ డబ్బింగులే వరుస కడతాయి. ఎవరూ తెలుగును నిషేధించలేదు, ఎవరూ దానిని పిలవనూ లేదు. పిలవని భాష వెనక్కి వెనక్కి జరుగుతుంది.

దీనికి అందరూ ఎరిగిన ఉదాహరణ చెబుతాను. తెలుగువారు తీసిన 'ఆర్ఆర్ఆర్' సినిమా 2022 మేలో అంతర్జాలంలోకి వచ్చింది. నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చినది హిందీ ప్రతి. తెలుగు ప్రతి జీ5లో వచ్చింది. నెట్‌ఫ్లిక్స్‌లో ఆ సినిమాను చూసిన ప్రపంచం మన నటుల పెదవులమీద హిందీనే విన్నది. 2023లో 'నాటు నాటు' ఆస్కార్ అందుకున్నప్పుడు మనం పొంగిపోయాం, మంచిదే. కానీ ఆ పాట పుట్టిన నుడిలో ఆ సినిమాను చూడాలంటే ఏ యాప్ తెరవాలో సరిహద్దు జిల్లాల ఇళ్ళలో ఎందరికి తెలుసు? ఏ పెట్టెలో ఏ యాప్ ఉన్నది, దానిలో ఏ భాష ప్రతి ఉన్నది అని చూసి కొనకపోతే మన సినిమానే మనం పరాయి మాటలో చూస్తాం.

సాకులకు సమాధానం

తెలుగును యంత్రాలలో పెట్టడం కష్టమని కొందరు వ్యాపారులు అంటారు. ఇది చెల్లని మాట. నోటితో చెప్పిన తెలుగును అక్షరాలుగా మార్చే సౌకర్యాన్ని గూగుల్ 2017 ఆగస్టులోనే ఫోన్లలోకి తెచ్చింది. చేతిలోని ఫోనుకు వచ్చిన తెలుగు గోడమీది టీవీకి ఎందుకు రాదు? అమెజాన్ వారి అలెక్సా 2019లో హిందీ నేర్చింది. అడిగేవాళ్ళు ఉన్నారు కనుక నేర్చింది. 2011 లెక్కల్లో 8 కోట్ల 11 లక్షల మంది మాట్లాడే భాషకు, 2008లో ప్రాచీన భాషగా గుర్తింపు పొందిన భాషకు గిరాకీ లేదనడం ఎవరి తప్పు? వాళ్ళది సగం. అడగని మనది సగం.

మనవాళ్ళ సాకు వేరు. 'పిల్లలకు ఆంగ్లం వచ్చుకదా, వాళ్ళే నొక్కుకుంటారు' అంటారు. నొక్కుకుంటారు, సందేహం లేదు. కానీ ఇంట్లో అమ్మమ్మ, తాత ఏం కావాలి? రిమోటు పట్టుకోవడానికి మనుమడి దయకోసం చూడాలా? తెలుగు చదవగల పెద్దలకు పెట్టె తెలుగులో ఉంటే వారి స్వాతంత్ర్యం వారికి ఉంటుంది. వారు తెలుగు మీట నొక్కడం చూసి మనుమడు ఆ అక్షరాన్ని గుర్తుపడతాడు.

కన్నడమో ఒడియానో మరాఠీనో చూస్తే తప్పేమిటని ఇంకొకరు అడుగుతారు. తప్పేమీ లేదు. అవి మన ఇరుగుపొరుగుల నుడులు, మన బతుకు నుడులు. వాటిని చక్కగా నేర్వాలి. ఆ భాషలకు బడి ఉన్నది, బజారు ఉన్నది, ప్రభుత్వం ఉన్నది. గీతకు అవతల తెలుగుకు ఉన్నది ఇల్లు మాత్రమే.

కొనే ముందు చూడవలసినవి

మొదట మీ టీవీ వెనుక హెచ్‌డీఎంఐ రంధ్రం ఉన్నదో లేదో చూసుకోండి. పాత డబ్బా టీవీకి ఎరుపు, తెలుపు, పసుపు రంధ్రాలే ఉంటాయి. అప్పుడు వాటికి తగిలే పెట్టెనో, మార్చే పరికరాన్నో అడగాలి.

రెండవది, ఊరూ పేరూ లేని చవక పెట్టెల జోలికి పోవద్దు. పెద్ద సంస్థల యాప్‌లు వాటిలో తెరుచుకోకపోవచ్చు, తెరుచుకున్నా బొమ్మ మసకగా రావచ్చు. 'అన్ని సినిమాలూ ఉచితం' అని అమ్మే పెట్టె దొంగ సరుకు చూపే పెట్టె. ఇటువంటి కొన్ని పెట్టెలలో కొనకముందే దొంగ ప్రోగ్రాములు చేరి ఉంటున్నాయని అమెరికా ఎఫ్‌బీఐ 2025 జూన్‌లో హెచ్చరించింది. చవకకు ఆశపడి ఇంటి ఇంటర్నెట్టును దొంగలకు అప్పగించవద్దు.

మూడవది, అసలైనది. దుకాణంలోనే పెట్టెను తెరిపించండి. భాషల జాబితాలో 'తెలుగు' అనే మాట ఉన్నదా? దానిని నొక్కితే తెరమీది పేర్లన్నీ తెలుగులోకి మారుతున్నాయా, సగమే మారుతున్నాయా? రిమోటులోని మైకు మీట నొక్కి 'మాయాబజార్ సినిమా పెట్టు' అనండి. పుస్తకాల తెలుగులో వద్దు, మీ అవ్వ మాట్లాడే హోసూరు తెలుగులో, బరంపురం తెలుగులో అనండి. ఏం వస్తుందో చూడండి. మీరు చూడదలచిన తెలుగు యాప్‌లు ఆ పెట్టెలో దొరుకుతాయో లేదో ఒక్కొక్కటిగా వెతికించండి. దుకాణదారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. పదిమంది అడిగితే పదకొండవవాడికి అతనే చెబుతాడు.

నాలుగవది, 4కె మోజులో అనవసరంగా ఖర్చు చేయకండి. 4కె బొమ్మకు సెకనుకు 15 మెగాబిట్ల వేగం కావాలని, 1080పి బొమ్మకు 5, 720పి బొమ్మకు 3 చాలునని నెట్‌ఫ్లిక్స్ చెబుతుంది. మన పల్లెలకు వచ్చే వేగం ఎంతో చూసి కొనండి. ఇంటర్నెట్టుతో కలిపి యాప్‌ల కట్ట ఇస్తామంటే, ఆ కట్టలో తెలుగు యాప్ ఉన్నదా అని అడగండి. లేకపోతే మార్చమనండి.

పెట్టె ఇంటికి వచ్చాక బిగించే కుర్రవాడి పక్కన నిలబడి భాషను మీరే నొక్కండి. యాప్ అనుమతిస్తే పిల్లల పేర వేరే ఖాతా తెరిచి దాని భాషను తెలుగు చేయండి. మొదటి నెల రోజులు తెలుగు చూడండి, తెలుగులో వెతకండి. పెట్టె మన అలవాటునే నేర్చుకుంటుంది.

అడుగున తెలుగు అక్షరం ఏది?

అన్నిటికంటె పెద్ద కోరిక ఒకటున్నది. సరిహద్దు బిడ్డలకు తెలుగు వినడం వచ్చు, మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. వారి చేత తెలుగు చదివించే సులువైన సాధనం తెర అడుగున కనిపించే అక్షరాలే. పాట ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే దాని మాటలను తెర అడుగున చూపితే చదువు రానివారికి చదువు పట్టుబడుతుందనే ఆలోచనను అహమ్మదాబాదు ఐఐఎంలో బ్రిజ్ కొఠారి 1996లో మొదలుపెట్టారు. తర్వాత దూరదర్శన్ పాటల కార్యక్రమాలలో అది అమలయింది. చెవి విన్న మాటను కన్ను పట్టుకుంటుంది. ఆ పని బలవంతం లేకుండా, బెత్తం లేకుండా, రోజూ జరుగుతుంది.

మరి నేడు? తెలుగు సినిమా తెలుగులో ఆడుతూ ఉంటే అడుగున ఎక్కువగా కనిపించేది ఆంగ్లాక్షరం. బిడ్డ చెవికి తెలుగు, కంటికి ఆంగ్లం. తెలుగు సంభాషణ రాతప్రతిలో ముందే ఉన్నదికదా, దానిని తెరకు ఎక్కించడానికి అడ్డేమిటి? తెలుగువారి డబ్బుతో నడిచే వేదికలే మొదట ఈ పని చేయాలి. చెవి వినపడని తెలుగువారికీ అదే దిక్కు.

రెండు తెలుగు ప్రభుత్వాలకూ ఒక మాట. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2017 డిసెంబరులో ఫైబర్‌నెట్ ద్వారా టీవీ, ఫోను, ఇంటర్నెట్టు మూటగా ఇళ్ళకు ఇవ్వడం ప్రారంభించింది. ప్రభుత్వమే పెట్టెను పంచగలిగినప్పుడు, తమ రాష్ట్రంలో అమ్మే ప్రతి పెట్టెలో తెలుగు పూర్తిగా ఉండాలని కంపెనీలను గట్టిగా అడగలేదా? అక్కడ అడిగితే ఇక్కడి మనకు కూడా దక్కుతుంది. పెట్టెకు ఒకసారి వచ్చిన తెలుగు రాష్ట్రపు గీత దగ్గర ఆగిపోదు.

తెలుగు కుటుంబాల పెద్దలారా, ఈ పెట్టె మన బడిని తిరిగి తెచ్చిపెట్టదు. బడికోసం చేసే పోరాటం వేరు, అది ఆగకూడదు. కానీ ఆ పోరాటం గెలిచేనాటికి తెలుగు చదవగోరే బిడ్డలు మిగిలి ఉండాలికదా! కొనేటప్పుడు అడగండి. లేదంటే, ఎందుకు లేదో కంపెనీకి తెలుగులో రాయండి. తెలుగు ఉన్న పెట్టెనే కొనండి, తెలుగు లేని పెట్టెను అంగడిలోనే వదిలి రండి. మన మాట వినని వ్యాపారి మన డబ్బు మాట తప్పక వింటాడు.