సర్దుకోవడం వేరు, సర్దుకుపోవడం వేరు

2016లో నాకు పెళ్ళయినప్పటి నుంచి కొరియనులు, తెలుగువారు అన్న భేదం లేకుండా అందఱూ నాకిచ్చిన సలహా ఒక్కటే: "సర్దుకుపో." ఈ మాట మీద నాకున్న అభ్యంతరాన్ని ఇవాళ కుండబద్దలు కొట్టినట్లు చెప్పదలచుకున్నాను.

మావారిది దక్షిణ కొరియాలోని దేజన్ నగరం. ప్రెస్బిటేరియన్ కుటుంబం. అత్తగారు చర్చిలో 'క్వొన్సా', అంటే పెద్దవయసు స్త్రీలకిచ్చే ఒక గౌరవపదవిలో ఉన్నారు. నేను తెనాలిలో సత్యనారాయణ వ్రతాల మధ్య పెరిగినదాన్ని. అయినా పెళ్ళయిన మొదటి చలికాలమే తెల్లవారుజామున అయిదింటి ప్రార్థనకు ఆవిడ వెంట నడిచాను. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ళలో ప్యాంగ్యాంగ్‌లో వేళ్ళూనుకున్న ఆచారమది. అందఱూ ఒక్కసారిగా "జుయో!" (ప్రభువా!) అని ఎలుగెత్తి, ఎవరి మొఱ వారు బిగ్గఱగా పెట్టుకుంటారు. మొదటిరోజు భయపడ్డాను. నెలరోజులు గడిచేసరికి ఆ హోరులో నా పక్కనున్న ముసలమ్మ ఏడుపు నాకు అర్థం కాసాగింది. ఆ అనుభవాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను.

కానీ ఆదివారం ఆరాధన ముగిశాక ఏం జఱుగుతుందో కూడా చెప్పాలి. మా చర్చిలో మగవారు బల్లల ముందు కూర్చుంటారు. ఆడవారం వంటగదిలో చేరి వందమందికి అన్నం, సూపు వడ్డించి, గిన్నెలు కడుగుతాం. దాన్ని 'సేవ' అంటారు. సేవే అయితే మగవారికి ఆ పుణ్యం అక్కఱలేదా?

పిలుపుల సంగతి చూడండి. భర్త తమ్ముణ్ణి 'తోర్యొన్నిమ్' అనాలి, చెల్లెల్ని 'అగస్సి' అనాలి. ఒకప్పుడు పనివారు యజమాని బిడ్డల్ని పిలిచిన మాటలివి. మావారు మా తమ్ముణ్ణి అనేది మాత్రం 'చొనామ్', చివర మన 'గారు' వంటి 'నిమ్' లేకుండా. ఈ అసమానతను కొరియనులే ప్రశ్నించారు. 2020లో అక్కడి జాతీయ భాషాసంస్థ, ఇష్టపడితే పేర్లతోనే పిలుచుకోవచ్చునని సూచించింది. దేశం మాఱుతోంది. కుటుంబ యజమానిగా పురుషుణ్ణే ముందుంచిన 'హోజు' పద్ధతి 2008లో రద్దయింది. 2015 జనగణనలో సగానికి పైగా జనం తమకే మతమూ లేదన్నారు, ప్రొటెస్టంట్లు అయిదో వంతు మాత్రమే. కాబట్టి "ఇది కొరియా సంస్కృతి" అని నా నోరు మూయించేవారిని ఎవరి కొరియా అని అడుగుతాను.

ఇక అసలు విషయం. 2022లో మా నాన్న పోయారు. మఱుసటి ఏడు ఆబ్దికం రోజున తెనాలిలో తమ్ముడు పిండం పెడుతుండగా, నేనిక్కడ నాన్న ఫోటో ముందు దీపం పెట్టి, గుప్పెడు అన్నం ఉంచి దణ్ణం పెట్టుకుందామనుకున్నాను. అత్తగారు తలుపు దగ్గఱే ఆగి, "ఈ ఇంట్లో విగ్రహారాధన వద్దమ్మా" అన్నారు. కోపంగా కాదు, ప్రాధేయపడుతూ. ఆవిడ తరంవారు పితృదేవతల 'జేసా' వదులుకుని, దాని స్థానంలో కీర్తన, వాక్యపఠనంతో సంస్మరణ ఆరాధన జఱుపుకుంటున్నారు. ఆవిడ భయం నాకు తెలుసు. కానీ ఆ చర్చి వేదిక మీద నుంచే నేను జు గిచొల్ అనే పాస్టరు కథ చాలాసార్లు విన్నాను. 1938లో జపాను పాలకుల ఒత్తిడికి లొంగి ప్రెస్బిటేరియన్ మహాసభ షింతో మందిరాల్లో వంగడానికి సమ్మతించింది. ఆయన మాత్రం సమ్మతించలేదు. 1944లో జైలులోనే కన్నుమూశారు.

వంగనన్నవాణ్ణి అమరుడని స్మరించేవారు, తండ్రికి తల వంచుకుంటానన్న కూతుర్ని ఆపడమేమిటి? బలవంతాన వంచడం తప్పయితే, బలవంతాన వంగనివ్వకపోవడం ఒప్పవుతుందా? మనస్సాక్షి ఆయన ఒక్కడి సొత్తా?

"చూశావా, మేం ముందే చెప్పాం" అని సంబరపడే మా బంధువులు కాస్త ఆగాలి. హిందువుల ఇంటికి కోడలైన క్రైస్తవ యువతి నుదుట బొట్టు పెట్టించి, వరలక్ష్మీవ్రతానికి పీటల మీద కూర్చోబెట్టి, "మా ఇంటికొచ్చాక మా పద్ధతి" అన్న నోళ్ళు నాకు తెలుసు. దేవుడు మాఱినా వాక్యం మాఱలేదు. సర్దుకుపోవలసింది కోడలే.

మన బస్సుల్లో "కాస్త సర్దుకోండి" అంటే కూర్చున్నవారందఱూ తలా కొంచెం జఱుగుతారు, కొత్తవారికి చోటు దొరుకుతుంది. అది సర్దుకోవడం. సర్దుకుపోవడంలో జఱిగేది ఒక్కరే, జఱిగి జఱిగి చివరికి పోయేదీ ఆ ఒక్కరే. మొదటిదానికి నేనెప్పుడూ సిద్ధమే. రెండోదాన్ని ప్రేమ అని పిలవడానికి ఒప్పుకోను.

ఆ రోజు దీపం వెలిగించాను. మావారు నా వెనుక చేతులు కట్టుకుని తన ప్రార్థన తాను చేసుకున్నారు. అత్తగారు మాతో భోజనానికి కూర్చోలేదు. ఇప్పటికీ మా మధ్య ఆ మాట రాదు. తరవాతి ఆదివారం ఎప్పటిలాగే చర్చి వంటగదికి వెళ్ళాను, గిన్నెలు కడగడానికి మావారిని కూడా తీసుకుని. ఏటా ఆ తిథికి దీపం వెలుగుతూనే ఉంది. తెల్లవారుజామున అత్తగారి చెయ్యి పట్టుకుని చర్చి మెట్లు ఎక్కించేదీ నేనే. ఈ రెంటిలో ఒకటి మానుకొమ్మని చెప్పే హక్కు ఎవరికీ లేదు.