పైరు మేసిందెవరో అడుగే చెబుతుంది

కొండ కింద పల్లె నుంచి ఒక రైతు ఆమధ్య తెల్లారకముందే ఫోను చేశారు. 'అన్నా, మా దొడ్లో మూడు మేకల్ని చిరత కొట్టేసింది. ఫారెస్టోళ్లకు చెప్పి బోను తెప్పించాల. పేపర్లో కూడా రాయన్నా' అన్నారు. సత్యవేడు నుంచి నేను పోయేసరికి ఊరంతా ఆ దొడ్డి చుట్టూనే ఉంది. అడుగు గుర్తులన్నీ జనం చెప్పుల కింద పడి చెరిగిపోయినాయి. నీళ్ల తొట్టి పక్కన బురదలో మాత్రం రెండు మిగిలినాయి. నాలుగు వేళ్లు, ప్రతి వేలి ముందర సన్నగా గోటి గుర్తు. మేకల్ని చూస్తే తొడలు, వెనక భాగం చీలికలు పేలికలు. గొంతు మీద పెద్ద గాయం లేదు.

సంచిలో ఉన్న పుస్తకం తీసి అడుగుల బొమ్మ చూపించాను. పిల్లి జాతి జంతువు నడిచేటప్పుడు గోళ్లను లోపలికి ముడుచుకుంటుంది. అందుకే చిరుత అడుగులో మామూలుగా గోరు పడదు. మడమ వెనక అంచు మూడు భాగాలుగా కనిపిస్తుంది. వేటను అది ఎక్కువగా గొంతు దగ్గర పట్టుకుంటుంది. వెంటబడి వెనక నుంచి దొరికిన చోటల్లా కరిచేవి కుక్కలు. ఊరకుక్కల గుంపు చేసిన పని అది. ఆ మాట చెప్పగానే ఆయన ముఖం చిన్నబోయింది. చిరుత అయితే పరిహారం అడగడానికి అటవీ శాఖ ఉంది, కుక్కలకు ఎవరిస్తారు? నా నోరు మూసుకోని ఉంటే పోయేదేమో అని నాకూ అనిపించింది. అయితే పశువుల డాక్టరు వచ్చి గాయాలు చూస్తే ఆ మాటే చెప్పేవారు. బోను తెచ్చి పెట్టినా కుక్కలు మళ్లీ అదే దొడ్డికి వచ్చేవి.

ఈ తికమక పల్లెటూరి రైతుకే కాదు. 2023 ఆగస్టులో తిరుమల అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాప ప్రాణం పోయినప్పుడు, అది చిరుత పనా, ఎలుగుబంటి పనా అని మొదట్లో చర్చ జరిగింది. తర్వాత బోనులు పెడితే ఆ కొండల్లో చిరుతలు ఒకటి తర్వాత ఒకటి చిక్కినాయి. అంత పెద్ద క్షేత్రంలోనే గుర్తు పట్టడానికి అంత పని పడింది. అర్ధరాత్రి టార్చిలైటు వెలుగులో ఒక తోక చూసి పరిగెత్తే మన రైతును తప్పు పట్టడం ఎట్లా?

జంతువులను పోల్చుకోవడానికి పుస్తకాలు లేకపోలేదు. ప్రేటర్ రాసిన 'ది బుక్ ఆఫ్ ఇండియన్ యానిమల్స్' 1948లో వచ్చింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారి పుస్తకం. తర్వాత వివేక్ మీనన్ 2003లో ఒకటి, 2014లో ఇంకా పెద్దది ఒకటి తెచ్చారు. సంచిలో పట్టే పుస్తకాలు, రంగుల బొమ్మలు, ఏ జంతువు దేశంలో ఏ మూల ఉంటుందో చూపే పటాలు ఉంటాయి. ఇంగ్లీషులో ఉన్నాయి కాబట్టి మనకెందుకని వదిలేయవద్దు. ఇంటర్ పాసైన నాకు సగమే అర్థమవుతుంది గానీ బొమ్మకు, పటానికి భాష అడ్డం రాదు.

చూసే పద్ధతి ఒకటి ఉంది. మనం చేసే తప్పు ఏమంటే పుస్తకం తెరిచి, చూసిన దానికి దగ్గరగా ఉన్న బొమ్మ దొరికే దాకా తిప్పడం. అట్లా తిప్పితే హిమాలయాల్లో ఉండే మంచు చిరుత కూడా మన చెనక్కాయ చేలోకి వచ్చేస్తుంది. ముందు సైజు అనుకోవాల: ఇంటి పిల్లంతా, ఊరకుక్కంతా, దూడంతా? ఆ తర్వాత పటం చూసి మన వైపు లేనివన్నీ తీసేయాల. అప్పుడు నాలుగైదే మిగులుతాయి. వాటిలో తేడా చెప్పేది చాలాసార్లు తోకే. మన గుంటనక్క కంటే చిన్నదిగా, కుచ్చు తోక కొస నల్లగా ఉంటే అది పొట్టి నక్క. తోక కొస తెల్లగా ఉండే ఎర్ర నక్క ఉత్తరాదిది, ఇక్కడ వెతకొద్దు. ముంగిస తోక కొస నల్లగా ఉండి పైకి వంచుకోని పోతే అది ఇళ్ల కాడ తిరిగే బూడిద రంగు ముంగిస కాదు, వేరే రకం. తోకకు కడియాల మాదిరి పట్టీలు, వీపు మీద గీతలు ఉంటే పునుగుపిల్లి. పట్టీలు లేకుండా తోకంతా నల్లగా ఉండి చెట్టెక్కేది మానుపిల్లి. శ్రీసిటీలో షిఫ్టు ముగించుకోని రాత్రిపూట బైకు మీద వచ్చే మన పిల్లలు లైటు వెలుగులో వీటినే చూసి, 'చిరత పిల్ల' అని వాట్సాప్‌లో పెడతా ఉండారు.

ఇంతా చెప్పి ఒక మాట ఒప్పుకోవాల. ఈ పుస్తకాలు జంతువును కళ్లారా చూసే మనిషి కోసం రాసినవి. రైతుకు జంతువు కనిపించదు. పొద్దున్నే కయ్యలోకి పోతే కనిపించేది తవ్విన మన్ను, కొరికిన మొక్క, పెంటిక. కాబట్టి మనం చదవాల్సిన పేజీలు వేరే.

చెనక్కాయలో సాళ్ల వెంట మడక దున్నినట్టు మన్ను లేచి ఉంటే అడవిపంది. దాని అడుగులో ముందు రెండు గిట్టలు, వెనక పక్కన ఇంకో రెండు చిన్న గుర్తులు పడతాయి. మేక అడుగుకు మామూలుగా ఆ వెనకవి పడవు. మొలకలను కత్తితో ఏటవాలుగా కోసినట్టుంటే, పక్కన గుండ్రటి పెంటికలుంటే కుందేలు. మన వైపు చెవులపిల్లి అంటారు కదా, అదే. మామిడి మొక్కకో, టెంకాయ మొక్కకో మొదట్లో బెరడు పోయి, జంట పళ్ల గాడి కనిపిస్తే ఏదుపంది. చుట్టూ వెతికితే ఒక ముల్లన్నా దొరుకుతుంది. చెరకు వేసిన చోట పంది అయితే గడలు పడగొట్టి నమిలి పిప్పి ఊసేస్తుంది. నక్క అక్కడొకటి ఇక్కడొకటి కొరికి పోతుంది. దాని పెంటలో వెంట్రుకలు, రేగి గింజలు ఉంటాయి. సపోటా తోపులో పండు తినేసి, గింజలు గింజలుగానే గోడ మీద వదిలిపోయేది మానుపిల్లి.

ఎలుకల సంగతి కూడా ఒకటి కాదు. గెనెం మీద బొక్క వాకిట్లో మెత్తటి మన్ను కుప్పగా పోసి మూసేసి ఉంటే అది పందికొక్కు. లోపల ధాన్యం దాచి పెట్టేది అదే. సాయంత్రం బొక్కలన్నీ మూసేసి, పొద్దున ఏవి తెరిచి ఉన్నాయో చూస్తే ఎలుక ఉండేవి తెలుస్తాయి. నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, బ్రోమోడయోలోన్ 2 పాళ్లు కలిపిన ఎర పొట్లాలు ఆ బొక్కల్లోనే పెట్టాల. కుందేలు కోసిన మొక్కలు చూసి ఎలుక అనుకోని చేనంతా ఎర చల్లితే కుందేలుకేమీ కాదు, మన కోడి చస్తుంది.

ఇక డబ్బు సంగతి. 2025 నవంబరులో కేంద్ర వ్యవసాయ శాఖ ఒక నిర్ణయం ప్రకటించింది. అడవి జంతువుల వల్ల పైరు పోతే, 2026 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమా పథకంలో అదనపు రక్షణ కింద చూస్తామని. రైతు 72 గంటల్లోపల బీమా యాప్‌లో ఫోటోలతో తెలపాలని, ఏ జంతువులు ఈ లెక్కలోకి వస్తాయో రాష్ట్రాలు జాబితా ఇవ్వాలని అందులో ఉంది. ఈ 'జాబితా' అన్న మాట దగ్గర రైతులు ఆగి ఆలోచించాల. జాబితా ఉందంటే, పైరు మేసింది ఏదో పేరు చెప్పాలన్న మాట. 'ఏదో అడివి జంతువు' అంటే ఆఫీసులో కాగితం కదలదు. మూడు రోజుల్లో వాన పడితే అడుగూ పోతుంది, సాక్ష్యమూ పోతుంది. అందుకే చేలోకి దిగేముందు ఫోటో తీయండి. అడుగు పక్కన అగ్గిపెట్టె పెట్టి తీస్తే కొలత కూడా వచ్చేస్తుంది.

తప్పు పోల్చుకుంటే పోయేది బీమా డబ్బే కాదు. పంది వచ్చిందని కరెంటు తీగ లాగితే దానికి పందీ మనిషీ తేడా తెలియదు. నీళ్లు కట్టను పోయిన పక్క చేని రైతు దానికి తగులుకుంటాడు. నాటుబాంబు పెడితే కొరికేది మేతకు పోయిన ఆవు. ఆ తీగకు చిరుత తగులుకోని చస్తే వన్యప్రాణి చట్టం కింద కనీసం మూడేళ్లు, ఏడేళ్ల దాకా జైలు. పందిని మాత్రం కొట్టొచ్చు అనుకునేవాళ్లు ఉండారు. 1972 చట్టానికి 2022లో సవరణ జరిగినాక అడవిపంది రెండో షెడ్యూలులో ఉంది. రాసిచ్చిన అనుమతి లేకుండా దాన్ని కొట్టినా నేరమే. నక్క, జంగుపిల్లి, పునుగుపిల్లి రాత్రంతా తినేది ఎక్కువగా మన ఎలుకల్నే. కోడిని ఎత్తుకుపోయిందన్న అనుమానంతో వాటికి మందు పెట్టి, మళ్లీ ఎలుకల కోసం మందు కొనే రైతును నేనే చూసినాను. రెండు ఖర్చులూ ఆయనవే.

పేర్ల దగ్గర మన తాలూకాకు ఇంకో తిప్పలుంది. 1960 దాకా సత్యవేడు చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. ఇప్పటికీ సగం పల్లెల్లో తెలుగు పేరు ఒకటి, అరవ పేరు ఒకటి నడుస్తా ఉంది. మానుపిల్లినే అరవంలో మరనాయి, అంటే చెట్టు కుక్క అంటారు. మనం పిల్లి అంటాం, వాళ్లు కుక్క అంటారు, నిజానికి అది రెండూ కాదు. అర్జీలో ఒకరు పిల్లి అని, ఒకరు కుక్క అని రాస్తే పై అధికారికి ఏమి అర్థమవుతుంది? పేరు పక్కన బొమ్మ ఉండాలనేది అందుకే.

అట్లాంటి తెలుగు పుస్తకం ఎవరు రాయాల అంటే నా ఆలోచన ఒకటి చెబుతాను. 1867లో 'మేమల్స్ ఆఫ్ ఇండియా' రాసిన జెర్డన్ అనే దొర అంతకు ముందు నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేశారు. అక్కడ యానాదుల దగ్గర జంతువుల సంగతులు నేర్చుకున్నారు. ఆయన పుస్తకంలో తెలుగు పేర్లు కూడా ఉన్నాయి. అంటే దొరల పుస్తకంలోకి పోయిన విద్యలో కొంత మన యానాదులదే. ఆ యానాదులు ఇప్పటికీ మన ఊళ్ల పక్కనే ఉండారు. బొక్క చూసి లోపల ఏముందో చెప్పే పెద్దవాళ్లు ఉండారు. వాళ్లను మనం కోతల కాలంలో ఎలుకలు పట్టడానికే పిలుస్తాం, కూలి దగ్గర బేరమాడతాం. వ్యవసాయ శాఖ, అటవీ శాఖ కలిసి వాళ్లను కూర్చోబెట్టి, రోజు కూలి కాదు, తగిన గౌరవ వేతనం ఇచ్చి, ముప్ఫై నలభై జంతువుల అడుగు, పెంటిక, పైరు కొరికిన తీరు బొమ్మలు వేయించాల. పక్కన తెలుగు పేరు, అరవ పేరు, చట్టంలో ఉన్న పేరు వేసి రైతు సేవా కేంద్రాల్లో గోడకు తగిలించాల. ఆకుమచ్చకు, కాండం తొలుచు పురుగుకు రంగుల కాగితాలు అచ్చు వేసే శాఖకు ఇది పెద్ద ఖర్చేమీ కాదు.

మేకలు పోగొట్టుకున్న రైతు పోయిన వారం మళ్లీ ఫోటో పంపినారు. కోళ్ల గూడు ముందర మెత్తటి మన్నులో ఒక అడుగు, పక్కన అగ్గిపెట్టె. గోరు లేదు, వెడల్పు అగ్గిపెట్టె పొడవుకు మించలేదు. జంగుపిల్లి అని చెప్పినాను. 'అయితే బోను వద్దా అన్నా?' అన్నారు. గూటికి సన్న కంతల జాలీ కొట్టి, పొద్దుగూకేలోపల తలుపు వేసుకోమని చెప్పినాను.