సామాన్య కంప్యూటరు – వృత్తి కళ

ఇంటి వాడుకకై అమ్మే కంప్యూటరు వృత్తికళాకారునికి చాలునా? ఉర్దూ, తెలుగు పుటలను ఒకే సంచికలో కూర్చవలసిన మనకు ఇది తప్పించుకొనరాని ప్రశ్న. పుటల కూర్పు వరకు చాలుననియే మా అభిప్రాయం.

నస్తాలీఖ్ లిపి ఏటవాలుగా జారుతూ, అక్షరంలో అక్షరం ఒదిగే లిపి. సీసపు అచ్చులకు అది సులభంగా లొంగలేదు. కాతిబు కలంతో వ్రాసినదే చిరకాలం శిలాముద్రణకు ఆధారమైంది. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ గీసిన సుమారు 20,000 అక్షరసంయోగాలతో నూరీ నస్తాలీఖ్ వెలువడింది. నాడది ఖరీదైన యంత్రాలకే పరిమితం. 1994లో వచ్చిన ఇన్‌పేజ్ ఆ సొగసును సామాన్య కంప్యూటరుకు తెచ్చింది. నాటి అల్పశక్తి యంత్రం చేసిన పనిని నేటిది చేయలేదనుట పొసగదు.

అయితే పరిమితులు లేకపోలేదు. చలనచిత్రాల కూర్పుకు, త్రిమాన చిత్రణకు అధిక జ్ఞాపకశక్తి, ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు అవసరం. మరొక చిక్కు రంగులది. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలి కాంతులతో రంగు చూపును. ముద్రణాలయం నాలుగు సిరాలతో అద్దును. కనుక చౌకతెరను నమ్మి ముఖచిత్రం ముద్రణకు పంపరాదు. నమూనా ప్రతి తీయించి చూడవలె.

కళాశాల సంఘానికి మా విన్నపం ఒక్కటే. తాళం వేసిన గదిలో ఒక్క ఖరీదైన యంత్రం ఉండుటకంటె, రెండు సామాన్య యంత్రాలు, ఒక మంచి తెర మేలు. ఆనందపురంలో ఉర్దూ విద్యార్థి, తెలుగు విద్యార్థి పక్కపక్కన కూర్చొని తమ సంచికను తామే కూర్చుకొనగలరు. మిగిలిన ధనం శిక్షణకు వెచ్చించండి. కాతిబుకు పేరు తెచ్చినది కలం వెల కాదు, చేతి సాధన.