అజొల్లాను దాచిపెట్టకండి



గత ఏప్రిల్ నెలలో మా పెరటిలోని అజొల్లా గుంట కుళ్ళిపోయింది. వాసన వీధి వరకు వచ్చింది. మాకు ఒక ఆవు, ఒక పెయ్య. వేరుశనగ ఎండిపోయి కట్టె కూడా చేతికి రాని సంవత్సరములో ఆ గుంటే వాటికి పచ్చిమేత. అది పోతే పాలు పోయినట్లే. కాబట్టి మేము ఎక్కడ తప్పామో ఈ నెల వ్రాస్తున్నాము.

గుంట వేయడంలో తప్పు లేదు. వేపచెట్టు నీడన 2 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, జానెడు లోతు. అడుగున టార్పాలిన్ పట్ట, దానిపై 10 కిలోల జల్లించిన మట్టి. 2 కిలోల పేడ, 30 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్ నీళ్ళలో కలిపి పోసి, నాలుగు అంగుళాల నీరు నిలిపాము. అర కిలో అజొల్లా చల్లితే రెండు వారాలలో గుంట నిండింది.

ఇది నాచు కాదు. నీటిపై తేలే ఫెర్న్ జాతి మొక్క. దాని ఆకులోని చిన్న అరలో ఒక సూక్ష్మజీవి కాపురముండి, గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది. అందుకే యూరియా అక్కరలేదు. వాతావరణం అనుకూలిస్తే మూడు నుండి ఐదు రోజులలోనే రెట్టింపవుతుంది.

ఆ పచ్చదనం చూసి మాకు ఆశ పుట్టింది. వేసవికి దాచుదామని మూడు వారాలు తీయలేదు. దుప్పటిలా మందంగా పరచుకొంది. పై పొర ఎర్రబారింది, వెలుతురు లేక అడుగు పొర కుళ్ళింది. అమ్మమ్మ ముక్కు మూసుకొని, "మన్నాను తెల్లవారే దాకా దాచినట్లుంది మీ పని" అన్నది.

అమెరికాలో ఉన్న మా అక్క కొడుకు ఫోనులో చూసి నవ్వాడు. వాడింట్లో అద్దాల తొట్టి నిండా ఉప్పునీళ్ళు, పగడాలు. పగడమంటే ఉంగరంలోని ఎర్రరాయే అనుకొన్నాము. అది ప్రాణమున్న జీవి అట. సముద్రపు పగడాలలో చాలా వాటి ఒంటిలోనూ సూక్ష్మమైన పాచి కాపురముండి, వెలుతురుతో ఆహారం తయారుచేసి పెడుతుంది. మెత్తని రకాలు కొన్ని చాపలా ప్రాకి ప్రక్కవాటిని కప్పివేస్తాయి. వాడు వాటిని విడిగా ఒక రాయి మీద ఉంచి, హద్దు దాటినది కత్తిరించి తోటివారికి పంచుతాడు. చేపలకు మేత ఎక్కువైతే ఆ మలినమే ఎరువై ఇంకా ప్రాకుతాయని కొంత నీరు మారుస్తుంటాడు. "తీస్తేనే నిలుస్తుంది పిన్నీ" అన్నాడు. (మన పిల్లలు సరదాపడి సముద్రపు పగడం తీయబోకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద అది నేరం.)

గుంట ఖాళీ చేసి మళ్ళీ వేశాము. నిండిన నాటి నుండి రోజూ ఉదయం అర కిలో తీస్తున్నాము. పేడ వాసన పోయేదాకా కడగాలి, లేకపోతే ఆవు మూతి త్రిప్పుకుంటుంది. దాణాలో కలిపి పెడితే అలవాటు పడుతుంది. ఐదు రోజులకోసారి కిలో పేడ, 20 గ్రాముల సూపర్ ఫాస్ఫేట్. పది రోజులకోసారి నాలుగవ వంతు నీరు మార్పు. మన అనంతపురం బోరు నీళ్ళు ఎండకు ఆవిరైతే ఉప్పు మాత్రం గుంటలోనే మిగులుతుంది గనుక ఇది మానకూడదు. తీసిన నీరు కరివేపాకు చెట్టుకు పోస్తాము. నెలకోసారి 5 కిలోల మట్టి మార్చాలి. ఆరు నెలలకు అంతా తీసి క్రొత్తగా వేయాలి. ఎండ 40 డిగ్రీలు దాటితే వేపనీడ చాలదు, పైన పాత చీర కట్టండి.

ఎక్కువైనది కోళ్ళకు వేయండి. చెరువులో మాత్రం పారవేయకండి, అక్కడ నీటిని కప్పివేస్తే చేపలకు గాలి అందదు. మా సంఘంలో ఆదివారం ఆరాధన అయ్యాక గిన్నె తెచ్చుకొన్నవారికి అర కిలో ఇస్తున్నాము. ఇప్పటికి మూడిళ్ళలో వేశారు.