ఇసుకమీది ఓడలు

చిత్రాన్ని చూడటం వేరు, చదవటం వేరు. ఈ భేదాన్ని విద్యార్థులకు వివరించవలసి వచ్చినప్పుడల్లా, ఆంగ్ల చిత్రకారుడు టర్నర్ (1775–1851) రచించిన ‘యార్మత్ శాండ్స్’ అనే నీటిరంగుల చిత్రం మాకు స్ఫురిస్తుంది. మూలచిత్రం కేంబ్రిడ్జిలోని ఫిట్జ్‌విలియం మ్యూజియంలో ఉన్నది. మేమెరిగినది దాని అచ్చుప్రతిని మాత్రమే.

అందులోని విషయం స్వల్పం. సముద్రతీరాన కొందరు నావికులు ఇసుకమీద బొమ్మ ఓడలను పేర్చి, 1805 నాటి ట్రఫాల్గర్ యుద్ధం జరిగిన తీరును స్త్రీలకు వివరిస్తున్నారు. వెనుక, ఆ యుద్ధంలో మరణించిన నెల్సన్ సేనాని స్మారకస్తంభం. అది పూర్తయినది 1819లో. అంటే యుద్ధం ముగిసి కనీసం పధ్నాలుగేళ్లు గడిచినవి. చెబుతున్నవారు ఆనాటి యోధులే అయితే, వారి యౌవనమూ గడిచినట్లే.

ఇది కేవలం విజయోత్సవ చిత్రమని కొందరు భావించవచ్చు. మేము అంగీకరించలేము. ఆ విజయాన్ని టర్నర్ అంతకుముందే రాజాజ్ఞపై పెద్ద తైలవర్ణ చిత్రంగా రచించాడు. నౌకాదళం వారు అందులో తప్పులెన్నారు. 1829లో అది వృద్ధ నావికులకు ఆశ్రయమైన గ్రీనిచ్ ఆసుపత్రికి చేరింది. ఈ చిన్న చిత్రంలో మహాయుద్ధం బొమ్మలపాటి అయినది. సేనానికి రాతిస్తంభం మిగిలింది. సామాన్య నావికునికి ఇసుక మిగిలింది. అయినా యుద్ధం ఎట్లా జరిగిందో చెప్పగలిగినది స్తంభం కాదు, ఆ నావికుడే. చిత్రానికి ప్రాణం ఇక్కడే ఉన్నదని మా అభిప్రాయం.

దీనితో ఏలూరు వారికేమి పని అని పాఠకులు ప్రశ్నించవచ్చు. ‘లష్కర్’ అనే ఫార్సీ పదానికి సైన్యమని అర్థం. ఐరోపా ఓడలలో పనిచేసిన మనదేశపు నావికుడు ‘లాస్కర్’ అయినాడు. మన డెల్టాలో కాలువలూ లాకులూ కాచే చిరుద్యోగి నేటికీ ‘లస్కరు’. లాంచీ నడిపే ‘సరంగు’ మాటా ఫార్సీదే. ఉర్దూ, తెలుగు రెండూ ఈ నీటిమీద ఏనాడో కలిశాయి.

ధవళేశ్వరం ఆనకట్ట (1847–1852) దరిమిలా తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు వరకు కాలువపై ధాన్యపు పడవలు నడిచాయి. రైలూ లారీ వచ్చి ఆ వృత్తిని మింగివేశాయి. 2008 నాటి చట్టం ఏలూరు కాలువను జాతీయ జలమార్గంలో చేర్చింది. అయితే ఆనాటి పడవ ప్రయాణం వృద్ధుల జ్ఞాపకంలోనే మిగిలింది.

ఒక సెలవులలో కొల్లేటి గ్రామమొకదానిలో ఎనభై దాటిన పడవమనిషిని కలిశాము. “చెబితే తెలవదు మాస్టారూ, చూడండి” అని అరుగుమీద చింతపిక్కలు వరుసగా పేర్చాడు. పడవ లాకులోకి వచ్చుట, కింది తలుపు మూయుట, నీరు నిండి పడవ లేచుట, పై తలుపు తెరచుట. గాలి లేనప్పుడు గట్టుమీద నడుస్తూ తాడుతో పడవను లాగుట. అన్నీ ఆ పిక్కలతోనే చూపాడు. మేము విని ఆనందించామే గాని, ఒక్క ముక్క వ్రాసుకొనలేదు. మరుసటి ఏడు వెళ్లేసరికి ఆయన లేరు. ఏ రేవు తరువాత ఏ రేవు చెప్పాడో నేడు మాకు జ్ఞాపకం లేదు. ఈ దోషం మాదే.

కాటన్ దొర విగ్రహాలు గోదావరి మండలమంతటా ఉన్నాయి. అది న్యాయమే. పడవ లాగినవానికి విగ్రహం కోరము. నాలుగు పుటలు కోరుతున్నాము. ఏటా ఈ సంచికలో పడవవారి, లస్కర్ల, కొల్లేటి జాలరుల మాటలను వారి నుడికారంలోనే ఉర్దూ, తెలుగు విభాగాలు రెండింటా ప్రకటించవలసినదని కళాశాల సంఘానికి మా మనవి. విద్యార్థులారా, మీ ఇంట తాతగారు ఉంటే ఈ సెలవులలోనే కలమూ కాగితమూ తీసుకొని ఆయన ప్రక్కన కూర్చొనండి. పరీక్షకు మరల కూర్చొనవచ్చును. దీనికి రెండవ అవకాశం ఉండదు.