తీర్థయాత్రలో తీర్థం



గత వారం మా ఇంటికి ఒక పూర్వవిద్యార్థి వచ్చినాడు. పదవ తరగతిలో ఛందస్సు గంట రాగానే కిటికీ వైపు చూసే పిల్లవాడు. ఇప్పుడొక చిన్న వాను కొనుక్కొని, యాత్రికులను తిప్పి సంసారం ఈదుకొస్తున్నాడు. ఎనిమిది మంది కంటె ఎక్కువ ఎక్కించడు. ఉదయం అరసవల్లి, ఆపై శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం, సాయంత్రానికి శ్రీముఖలింగం: ఇదీ అతని ఒక్కరోజు యాత్ర. దానికి నాలుగు మంచి తెలుగు వాక్యాలు వ్రాసిపెట్టమని అడగడానికి వచ్చినాడు.

కాగితం చూసినాను. కళింగపట్నం దగ్గర "తాటితోపులో కల్లు రుచి" అని ఉన్నది. నా ముఖం చూసి, "మాస్టారూ, నాసిక్‌లో ద్రాక్షసారా రుచి చూపిస్తున్నారు కదండీ. మనకు ద్రాక్ష లేదు, తాడిచెట్టు ఉంది" అన్నాడు. రెండు రోజుల్లో చెబుతానని పంపినాను. ఆ సమాధానమే ఈ టపా. అతడొక్కడికే చెప్పి ఊరుకోదగిన విషయం కాదనిపించింది.

అతడు నాసిక్ పేరెత్తడం ఊరికే కాదు. నాలుగేళ్ళ క్రిందట నేనూ మా శ్రీమతీ అలాంటి యాత్రకు వెళ్ళివచ్చిన సంగతి అతనికి తెలుసు. పూనాలో ఉన్న మా అబ్బాయి ఏర్పాటు చేసినాడు. వానులో తొమ్మిది మందిమి. ఉదయం త్ర్యంబకేశ్వరం, పంచవటి. మధ్యాహ్నం భోజనానంతరం ఒక ద్రాక్షతోట. నాసిక్ చుట్టుప్రక్కల ద్రాక్ష పాతపంటే అయినా, 1999లో సులా సంస్థ మొదలైన తరువాత ద్రాక్షసారా పేరుతో ఆ ఊరు ప్రసిద్ధికెక్కింది. షిరిడీ వెళ్ళే మన తెలుగువాళ్ళు ఎందరో ఆ దారినే పోతారు. త్ర్యంబకం మన గోదావరి పుట్టినచోటు. గోదావరి పుట్టినచోట ఉదయం తీర్థం, సాయంత్రం మరొక "తీర్థం"! మన తెలుగువాడు ఎప్పుడో వేళాకోళానికి అన్న మాటను అక్కడ కార్యక్రమంగా అచ్చువేసినారు కదా అని నవ్వుకున్నాను.

ఆ మాట గురించి ఒక్క క్షణం. తీర్థమంటే రేవు, నదిలో దిగేచోటు. దానినుండి పుణ్యక్షేత్రమయింది. అర్చకుడు చేతిలో పోసే నీరయింది. మధ్వ సన్న్యాసుల పేరు చివర బిరుదయింది. మా శ్రీకూర్మంలో శాసనాలు వేయించిన పదమూడవ శతాబ్దపు నరహరితీర్థులే అందుకు ఉదాహరణ. ఉత్సవమయింది. చివరకు ముచ్చటకు మద్యం కూడా అయింది. ఇన్ని అర్థాలు మోస్తున్న మాట అలసిపోలేదు గాని, ఏ అర్థం ఎక్కడ వాడాలో తెలియక మనమే అలసిపోతున్నాము.

ఇప్పుడు నాసిక్ సంగతి ఉన్నది ఉన్నట్లు చెబుతాను. నేను త్రాగలేదు. కాని ఆ తోటలో జరిగినది నాకు నచ్చింది. ఒక యువకుడు మమ్మల్ని తీగల మధ్యకు తీసుకుపోయి, ఈ నేల ఇటువంటిది, ఈ కొండగాలి వల్ల రాత్రిపూట చల్లబడుతుంది, అందువల్ల పండులో పులుపు నిలుస్తుంది అని చెప్పినాడు. ఏ నెలలో కొమ్మ కత్తిరిస్తారో, ఏ నెలలో పండు కోస్తారో చెప్పినాడు. తరువాత గ్లాసుల్లో రెండేసి గుక్కలు పోసినారు. ప్రక్కన ఒక పాత్ర పెట్టినారు. నోట పోసుకొని, పుక్కిలించి, దానిలో ఉమ్మివేయవచ్చునట. రుచి చూడడం వేరు, త్రాగడం వేరు అన్న భేదాన్ని ఆ పాత్ర చూపించింది.

ఇక ఉదయం సంగతి. త్ర్యంబకేశ్వరంలో వరుసలో నిలబడి, తోసుకొని, అరనిమిషం దర్శనం చేసుకొని బయటపడినాము. బ్రహ్మగిరి ఏదో చూపించినవారు లేరు. ఈ పిల్లకాలువే రాజమహేంద్రవరం దగ్గర అఖండ గోదావరి అవుతుందని వానులో ఉన్న పిల్లలకు చెప్పినవారు లేరు. నేనే చెప్పబోతే డ్రైవరు హారను కొట్టినాడు. కాబట్టి ఆ యాత్రలో నన్ను బాధించినది ద్రాక్షసారా ఉండడం కాదు. ద్రాక్షసారాకు పండితుడు ఉండి గోదావరికి లేకపోవడం.

ఇక్కడ కొందరు మిత్రులు, "పుణ్యక్షేత్రాల జాబితాలో మద్యమా? అపచారం!" అని ముగించవచ్చు. ఆ వాదం నాకు చేతకాదు. చేయబోతే మా జిల్లాయే నన్ను వెక్కిరిస్తుంది. శ్రీముఖలింగంలో స్వామి పేరు మధుకేశ్వరుడు. మధుకమంటే ఇప్పచెట్టు. ఇప్పచెట్టు మొదట వెలసినాడని స్థలపురాణం. ఆ కథలో సవరలు ఉన్నారు. ఆ ఇప్పపూవుతోనే మన్యంలో సారా కాస్తారు. అమరకోశం హాల, మదిర, కాదంబరి అంటూ మద్యానికి పేర్లు వరుసపెట్టింది. వాటిని పిల్లలచేత వల్లె వేయించినవాణ్ణి నేను. ప్రక్కనున్న విజయనగరపు గురజాడవారు 1909లో కన్యాశుల్కాన్ని తిరగవ్రాసినప్పుడు సారాదుకాణం రంగం పెట్టి, బైరాగినీ హవల్దారునూ ఒకచోట కూర్చోబెట్టినారు. మన సాహిత్యానికీ మన దేవుళ్ళకూ లేని మడి నాకెందుకు?

నా అభ్యంతరాలు వేరు. రెండే ఉన్నాయి.

మొదటిది. ఆ నాసిక్ తోటలో గ్లాసు పట్టుకున్న ప్రతివాడూ సగం గ్లాసు వదిలి లేవగలవాడే. ఆ సగం గ్లాసు వెనుక అతని ఇంట్లో పొయ్యి ఆరిపోదు. మా వైపు మద్యం కథ అది కాదు. ముప్పై రెండేళ్ళు పల్లెటూరి బడులలో పనిచేసినాను. కూలిడబ్బు ఇంటికి చేరిందో లేదో మరునాడు పిల్లల ముఖాలు చూసి చెప్పేవాణ్ణి. బాగా చదివే ఒక ఆడపిల్ల ఎనిమిదవ తరగతిలో మానివేసింది. తండ్రి సారాబాకీ తీర్చడానికి జీడితోటలో పనికి పెట్టినారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా పాటను ఆపించినారంటే అది ఎవరో నాయకుడు చెప్పినందువల్ల కాదు. అక్షరదీపం తరగతుల్లో చదువుకున్న సీతమ్మ కథ అనే పాఠం వాళ్ళ బ్రతుకు వాళ్ళకే చదివి వినిపించింది. వాచకంలోని ఒక పాఠం ప్రభుత్వం చేత 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం పెట్టించింది. ఉపాధ్యాయుడిగా నాకు అంతకంటె గర్వకారణం లేదు. 1997లో ఆ సంపూర్ణ నిషేధం ఎత్తివేసినారు. అది వేరే కథ. సారా వేరు, కల్లు వేరు అని మీరు అనవచ్చు. నిజమే, వేరే. కాని పట్టణం నుండి వచ్చినవాడు సరదాకు ఒక గుక్క చప్పరించి, "ఆహా, ఎంత సహజం!" అని ఫోటో తీసుకొని పోతుంటే, ప్రక్కన కూర్చుని రోజుకూలి పోసి త్రాగే మనిషిని వాడు అలంకారంగా చూస్తాడు. ఆ చూపు నాకు సమ్మతం కాదు.

రెండవది గీత కార్మికుని సంగతి. మా వైపు ఈ వృత్తి ప్రధానంగా శ్రీశయన, యాత కులాలవారిది. నడుముకు మోకు, చేతిలో కత్తి, వెనుక కుండ; రోజుకు రెండుమార్లు తాడిచెట్టు ఎక్కి గెల కోయాలి. ఒక్కరోజు కోయకపోతే గాయం ఎండి ఊట ఆగిపోతుంది. జ్వరమని, పెళ్ళని, పండుగని మానడానికి లేదు. కాలు జారితే నడుము విరిగి మంచాన పడడమే. నా తరగతిలో ఇద్దరు పిల్లల తండ్రులు అలా పడినవారే. 2025లో రాష్ట్రప్రభుత్వం మద్యం దుకాణాలలో పదిశాతం గీతకులాలకు కేటాయించింది. దుకాణం దొరికినవాడికి మేలే జరగవచ్చు. కాని ఆ దుకాణం చెట్టెక్కే విద్యను నిలబెట్టదు. ఇటువంటి మనిషిని ఎనిమిది మంది ముందు కోతిలా ఎక్కించి, దిగినాక నూరు రూపాయలు చేతిలో పెట్టడమేనా మన యాత్ర? నాసిక్ తోటలో మాట్లాడిన యువకుడికి కుర్చీ ఉంది, జీతం ఉంది, అతని మాటకు విలువ ఉంది. మనవాడికి చెట్టు మాత్రమే ఉంది.

మరి ఏం చేయాలి? వద్దు అని చెప్పి ఊరుకుంటే ఆ కుర్రవాడి వాను వాయిదాలు నేను కట్టను కదా. అందుచేత నాకు తోచిన మార్పు చెబుతున్నాను.

యాత్రను తిరగవేయాలి. కళింగపట్నంలో మధ్యాహ్నం కాదు, తెల్లవారకముందే తాటితోపుకు పోవాలి. సున్నం పూసిన కుండలో రాత్రి ఊరినది నీరా. తియ్యగా, చల్లగా ఉంటుంది, మత్తు ఉండదు. పొద్దెక్కేకొద్దీ, సున్నం లేకపోతే మరీ త్వరగా, పులిసి కల్లవుతుంది. అంటే ఒకే చెట్టు, ఒకే ఊట. నీరాకూ కల్లుకూ నడుమ ఉన్నవాడు సూర్యుడు. సూర్యనారాయణస్వామి ఊరి యాత్రకు ఇంతకంటె తగిన ప్రారంభం నాకు తెలియదు. తోపులో గీతకారుడే పండితుడు. అతడు చెట్టు ఎక్కనక్కరలేదు. ముందే దించిన కుండ దగ్గర కూర్చుని మోకు ఎలా అల్లుతారో, ఆడచెట్టుకూ మగచెట్టుకూ గీత ఎలా మారుతుందో, ఏ నెలలో ఊట ఎక్కువో చెప్పాలి. ఆ చెప్పినందుకు రుసుము ఇవ్వాలి. అది బహుమానం కాదు, జీతం. తాటాకు డొప్పలో నీరా త్రాగి వాను ఎక్కితే, డ్రైవరుతో సహా అందరూ నిబ్బరంగా ఉంటారు.

నీరా కొత్త ఊహ కాదు. రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధనా స్థానంలో తాటి నీరాపై పని జరిగింది. 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డు ప్రక్కన నీరా కేఫ్ ప్రారంభించినారు. రాజధానిలో సీసాలో పోసి అమ్మదగినది, చెట్టుక్రింద డొప్పలో పోయడానికి ఏమి లోటు?

అక్కడినుండి అరసవల్లికి రావాలి. మార్చి, అక్టోబరు నెలల్లో కొద్ది రోజులు ఉదయకిరణాలు స్వామి పాదాలను తాకుతాయి. ఆ రోజుల్లో తొక్కిసలాట, అప్పుడు వాను పెట్టవద్దు. తక్కిన రోజుల్లో వచ్చి, కిరణం ఏ ద్వారం గుండా ఏ దిక్కునుండి వస్తుందో మండపంలో నిలబడి చెప్పుకోవచ్చు. మేఘం లేని ఉదయం ఏదైనా ఆ లెక్క చెప్పడానికి చాలును.

మరొక మార్పు. ఒక్కరోజులో అయిదు చోట్లు వద్దు, నాలుగు చాలు. ముఖలింగాన్ని మరొకరోజుకు వదలాలి. శ్రీకూర్మంలో స్తంభాలనిండా శాసనాలు ఉన్నాయి. ఒక్కదానినైనా వేలుపెట్టి చదివించాలి. స్వామి పడమటిముఖంగా ఎందుకున్నాడని పిల్లలు అడిగే వ్యవధి ఉండాలి. శాలిహుండం కొండెక్కి క్రింద వంశధారను చూస్తూ, 1919లో ఈ బౌద్ధస్థలాన్ని లోకానికి తెలిపినది మన గిడుగు రామమూర్తిగారని చెప్పాలి. ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, ఆ గుడి శాసనాలు తనంతట తాను చదవడం నేర్చుకున్న మనిషి ఆయన. గ్రాంథికం చదువుకున్న నేను ఈ టపాను వాడుకభాషలో వ్రాస్తున్నానంటే ఆ ఋణం కూడా ఆయనదే. చిన్న గుంపుకు ఉన్న సౌఖ్యం ఇదే: ఎనిమిది మందికి వినబడేలా గొంతు చించుకోకుండా చెప్పవచ్చు. ఆ సౌఖ్యాన్ని ఉపయోగించుకోకపోతే చిన్న వాను కంటె పెద్ద బస్సే నయం, టిక్కెట్టయినా తగ్గుతుంది.

ఈ మాటలన్నీ నిన్న సాయంత్రం ఆ కుర్రవాడిని పిలిచి చెప్పినాను. విన్నాడు. విని, "మాస్టారూ, మీరన్నది బాగానే ఉందండీ. కాని కల్లు అని వ్రాస్తే ఫోన్లు వస్తాయి. నీరా, శాసనాలు అంటే ఎవరు ఎక్కుతారండీ?" అన్నాడు.

అబద్ధం చెప్పదలచుకోలేదు. "మొదట సగం సీట్లు ఖాళీగానే పోవచ్చు నాయనా" అన్నాను. "అయితే ఆ ఖాళీ సీట్లలో ఒకటి నాకు ఇయ్యి. ఈ ఏడు మాఘం నుండి ఉగాది దాకా ప్రతి ఆదివారం నేను వస్తాను. శ్రీకూర్మంలో శాసనం నేను చదువుతాను. తోపులో మాత్రం నోరెత్తను. అక్కడ మాస్టారు వేరే ఉన్నారు."

కాగితం తీసుకొని, కల్లు అన్న మాటను కొట్టివేయలేదు గాని, దాని ప్రక్కన ప్రశ్నార్థకం పెట్టుకొని వెళ్ళినాడు. ఛందస్సు రాని పిల్లవాడు విరామచిహ్నం మాత్రం సరైనచోట పెట్టినాడు. ఇరవై ఏళ్ళ తరువాత కూడా ఉపాధ్యాయుడికి అంతకంటె ఎక్కువ ఆశించే హక్కు లేదు.

మీ మీ ఊళ్ళలో ఇటువంటి యాత్రలు నడుపుతున్నవారు ఉంటే, అక్కడ ఎవరు మాట్లాడుతున్నారో, ఎవరు ఊరికే నిలబడుతున్నారో గమనించి వ్యాఖ్యలో తెలుపగలరు. నాతో విభేదించేవారు మొహమాటపడవద్దు.

భవదీయుడు,
అరసవల్లి నుండి ఒక విశ్రాంత తెలుగు పండితుడు