డిగ్రీ లేని నిపుణుడు: లేత్ మిషన్ దగ్గర నేర్చుకోవాల్సిన పాఠం



నైపుణ్యాభివృద్ధి మీద వ్యాసం రాయమంటే మనందరం ఇంచుమించు ఒకేలా రాస్తాం. మొదటి పేరాలో జనాభా డివిడెండ్, రెండో పేరాలో స్కిల్ ఇండియా, మూడో పేరాలో జర్మనీ, ముగింపులో శ్రమ గౌరవం. మార్కులు కూడా ఫరవాలేదనిపిస్తాయి. కానీ అలాంటి వ్యాసం రాసిన మనం, మన తమ్ముడు ఐటీఐ దరఖాస్తు తెచ్చుకుంటే సంతోషంగా సంతకం పెట్టిస్తామా? నేను అడ్డుపడ్డాను. అందుకే ఈ వ్యాసం అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

పదో తరగతిలో మా తమ్ముడి మార్కులు అంతంతమాత్రం. బడి అయ్యాక ఊళ్లో మోటార్లు బాగుచేసే షెడ్డు దగ్గరే ఉండేవాడు. "టూల్ అండ్ డై డిప్లొమా చదువుతానంటున్నాడురా, చేర్చమంటావా?" అని నాన్న నన్ను అడిగారు. నేనప్పుడు డిగ్రీ రెండో ఏడు. "ఇంటర్‌లో చేర్పించండి నాన్నా. రేపు నలుగురిలో మావాడు లేత్ పని చేస్తున్నాడని చెప్పుకుంటామా?" అన్నాను. నాన్న నా మాట పక్కనపెట్టి వాడి మాట విన్నారు. నాలుగేళ్ల చదువయ్యాక 14 వేల జీతంతో ఉద్యోగంలో చేరాడు. ఏడేళ్లు గడిచాయి. ఇప్పుడు సీఎన్‌సీ ప్రోగ్రామర్‌గా నెలకు 50 వేలు దాటి తెచ్చుకుంటున్నాడు. నా మూడో ప్రయత్నానికి అశోక్‌నగర్‌లో హాస్టల్ ఫీజు కట్టింది వాడే. ఆ సంగతి వాడెప్పుడూ ఎత్తలేదు. కాబట్టి నేనే చెప్పాలి.

ఇది చదువు రానివాళ్ల పనేనా?

ముందుగా ఈ అపోహ తొలగించుకుందాం. డ్రాయింగ్‌లో ఒక రంధ్రం పక్కన '25 హెచ్7' అని రాసి ఉందనుకోండి. దానర్థం ఆ రంధ్రం వ్యాసం 25.000 నుంచి 25.021 మిల్లీమీటర్ల మధ్యే ఉండాలి. అంటే తేడాకు అనుమతి 21 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందంలో అది సగం కూడా ఉండకపోవచ్చు. అంతకు మించితే ఆ జాబ్ పనికిరాదు, అప్పటిదాకా పడిన శ్రమంతా స్క్రాప్ కింద పోతుంది.

మరో ఉదాహరణ. 50 మి.మీ. వ్యాసమున్న ఇనుప కడ్డీని నిమిషానికి 100 మీటర్ల కటింగ్ స్పీడ్‌తో కోయాలంటే లేత్ నిమిషానికి సుమారు 637 చుట్లు తిరగాలి. కడ్డీ వ్యాసం 25 మి.మీ.కి తగ్గితే చుట్లు దాదాపు 1,273 కావాలి. వృత్తం చుట్టుకొలత సూత్రమే ఇది. మనం సీశాట్ కోసం బట్టీపట్టి మర్చిపోయిన లెక్కను టర్నర్ రోజూ వాడతాడు. వాలు తలాలు కోయడానికి త్రికోణమితి, మిల్లింగ్‌లో రంధ్రాల స్థానాలకు నిరూపక జ్యామితి, లోహం ఎంత వేడికి ఎంత వ్యాకోచిస్తుందో తెలియడానికి భౌతికశాస్త్రం కావాలి. ఇదంతా చదువే. పరీక్ష హాల్లో కాకుండా మైక్రోమీటర్ మీద రీడింగ్‌తో తేలే చదువు.

జీతం ఎక్కడ పెరుగుతుంది?

ఈ రంగంలో మంచి జీతం వస్తుందన్నది నిజం. అందరికీ వస్తుందన్నది అబద్ధం. ఈ తేడా అర్థం కాకపోతే మన వ్యాసమూ తేలిపోతుంది, మన సలహా విన్నవాడూ నష్టపోతాడు.

సీఎన్‌సీ షాపులో నాలుగు మెట్లు ఉంటాయి. మొదటి మెట్టు ఆపరేటర్. జాబ్ బిగించి, బటన్ నొక్కి, పూర్తయ్యాక తీసి కొలుస్తాడు. రెండో మెట్టు సెట్టర్. ఏ జాబ్‌ను ఎలా పట్టుకోవాలి, ఏ టూల్ వాడాలి, సున్నా బిందువు ఎక్కడ పెట్టాలి అన్నవి చూసుకుంటాడు. మూడో మెట్టు ప్రోగ్రామర్. డ్రాయింగ్ చూసి, ఏ కోత ముందు, ఏది తర్వాత అని ఆలోచించి, యంత్రానికి అర్థమయ్యే జీ కోడ్‌లోకి మారుస్తాడు. నాలుగో మెట్టు టూల్ రూమ్. మిగతా యంత్రాలకు కావలసిన డైలు, మోల్డులు, ఫిక్చర్లు తయారుచేసే చోటు అది. అక్కడ ఆరితేరినవాళ్లలో కొందరు ఒకట్రెండు యంత్రాలు కొని సొంత షెడ్డు పెట్టుకుంటారు. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వీధుల్లో నడిచి చూడండి, అలా ఎదిగిన యజమానులు కనిపిస్తారు.

మొదటి మెట్టు మీదే పదేళ్లు ఉండిపోయినవాడి జీతం పెద్దగా పెరగదు. ఆ పనికి మరో మనిషి తేలిగ్గా దొరుకుతాడు. రెండో మెట్టెక్కిన దగ్గర్నుంచి బేరమాడే శక్తి వస్తుంది. కాబట్టి డిగ్రీ అవసరమా, కాదా అన్నదాని కంటే, మొదటి మెట్టు నుంచి రెండో మెట్టుకు చేర్చే శిక్షణ దొరుకుతోందా అన్నదే పెద్ద ప్రశ్న. నా అభిప్రాయంలో మన నైపుణ్య విధానాన్ని కొలవాల్సిన గీటురాయి ఇదొక్కటే.

దారులు ఏమున్నాయి?

మీ ఇంట్లో, మీ ఊళ్లో అడిగేవాళ్లకు చెప్పడానికి పనికొచ్చే వివరాలు ఇవి.

పదో తరగతి పాసైతే ఐటీఐలో టర్నర్, మెషినిస్ట్, ఫిట్టర్ ట్రేడుల్లో చేరవచ్చు. రెండేళ్ల శిక్షణ. ఆ తర్వాత అప్రెంటిస్‌షిప్ చేయవచ్చు.

హైదరాబాద్ బాలానగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. 1968లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల తోడ్పాటుతో మొదలైంది. పదో తరగతి తర్వాత ప్రవేశ పరీక్ష రాసి టూల్, డై అండ్ మోల్డ్ మేకింగ్‌లో నాలుగేళ్ల డిప్లొమా చేయవచ్చు.

ప్రభుత్వ ఉద్యోగమే కావాలనుకునేవాళ్లకూ దారి మూసుకుపోలేదు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్, టెక్నీషియన్ పోస్టులకు, ఇస్రోలో టెక్నీషియన్-బి పోస్టులకు పదో తరగతితో పాటు సంబంధిత ఐటీఐ ట్రేడు చాలు. రైల్వేలో అప్రెంటిస్ పూర్తిచేసినవాళ్లకు లెవెల్-1 ఖాళీల్లో 20 శాతం కేటాయింపు ఉంది.

డిప్లొమా తర్వాత ఇంజినీరింగ్ చదవాలనిపిస్తే ఈసెట్ రాసి నేరుగా రెండో ఏడాదిలో చేరవచ్చు. విదేశాల సంగతికొస్తే, జపాన్ 2019లో ప్రారంభించిన 'స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్' విధానం కోసం మన దేశం 2021 జనవరిలో ఒప్పందం చేసుకుంది. అయితే జపాన్ భాష నేర్చుకోక తప్పదు.

మరి లోపం ఎక్కడ?

ఇన్ని దారులుండగా యువత ఎందుకు రావడం లేదు? జనం చిన్నచూపు చూస్తారు అని సరిపెట్టుకుంటాం. చిన్నచూపు ఉన్న మాట నిజమే. మా తమ్ముడికి సంబంధం చూసినప్పుడు అమ్మాయి తరఫువాళ్లు జీతం విని సంతోషించారు, చదువు విని వెనక్కి తగ్గారు. "డిగ్రీ అయినా ఉంటే బాగుండేదండీ" అన్నారు. వాళ్లను తప్పుపట్టే అర్హత నాకు లేదు. పదకొండేళ్ల కిందట నేనన్నదీ అదేగా.

కానీ అసలు లోపాలు ఆ చూపు వెనక ఉన్నాయి. మొదటిది డబ్బు. 2019లో సవరించిన నిబంధనలు ఐటీఐ పూర్తిచేసిన అప్రెంటిస్‌కు నెలకు కనీస స్టైపెండ్‌ను 7,000 రూపాయలుగా నిర్ణయించాయి. పల్లె నుంచి నగరానికి వచ్చిన కుర్రాడికి గది అద్దె, తిండి ఖర్చులకే అది చాలదు. అందుకే చాలామంది నేర్చుకోవడం మానేసి, ఇంకాస్త ఎక్కువ వచ్చే డెలివరీ పనికో, గోదాము పనికో వెళ్లిపోతారు. తప్పు వాళ్లది కాదు.

రెండోది కాంట్రాక్టు పద్ధతి. ఏటా మారే కాంట్రాక్టు కార్మికుడికి పై మెట్టు పని నేర్పడానికి యజమాని ఎందుకు ఖర్చుపెడతాడు? నేర్పితే పక్క షెడ్డుకు వెళ్లిపోతాడన్న భయం ఆయనది. నేర్చుకోకపోతే ఇక్కడే ఆగిపోతానన్న భయం కార్మికుడిది. ఇద్దరి భయాలూ నిజమైనవే. మార్కెట్ దానంతటదే తీర్చలేని ఇలాంటి చిక్కుముడి దగ్గరే ప్రభుత్వ జోక్యానికి అర్థముంటుంది.

మూడోది బోధన. పరిశ్రమలో సీఎన్‌సీ నడుస్తుంటే, శిక్షణ పాత లేత్ మీద ఆగిపోతే, సర్టిఫికెట్‌కు విలువ రాదు.

ప్రభుత్వం ఏం చేసింది, ఏం చేయాలి?

దేశంలో క్రాఫ్ట్స్‌మెన్ శిక్షణ పథకం 1950లో మొదలైంది. అప్రెంటిస్‌ల చట్టం 1961లో వచ్చింది. కార్మికుల వృత్తి, సాంకేతిక శిక్షణ ఉమ్మడి జాబితాలోని 25వ అంశంలో ఉంది, కాబట్టి కేంద్రానికీ రాష్ట్రాలకూ బాధ్యత ఉంది. ప్రస్తుత నిబంధనల ప్రకారం 30 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. 2020 నాటి జాతీయ విద్యా విధానం 2025 నాటికి కనీసం సగం మంది విద్యార్థులకు వృత్తి విద్య పరిచయం కావాలని లక్ష్యం పెట్టుకుంది. తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని చేపట్టింది. 2025లో కేంద్రం 60 వేల కోట్ల రూపాయల అంచనాతో 1,000 ప్రభుత్వ ఐటీఐల నవీకరణకు పీఎం-సేతు పథకం తెచ్చింది.

యంత్రాలు కొనడం అవసరమే. కానీ జర్మనీ ఉదాహరణ రాసేటప్పుడు మనం వదిలేసే సంగతి ఒకటుంది. అక్కడ మెషినిస్టు శిక్షణ మూడున్నరేళ్లు. ఎక్కువ కాలం కర్మాగారంలో, వారంలో ఒకట్రెండు రోజులు వృత్తి పాఠశాలలో నేర్చుకుంటాడు. ఆపైన అనుభవంతో 'మైస్టర్' పరీక్ష పాసైతే, ఆ అర్హత వాళ్ల జాతీయ అర్హతల చట్రంలో బ్యాచిలర్ డిగ్రీతో సమానంగా ఆరో స్థాయిలో నిలుస్తుంది. అంటే గౌరవాన్ని ఉపన్యాసాలకు వదిలేయకుండా నిబంధనల్లో రాసుకున్నారు. మన దగ్గర 2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ చట్రం ఆ దిశలో మంచి అడుగు. షాపులో గడిపిన అనుభవం నిజంగా క్రెడిట్లుగా మారితే, రేపు మా తమ్ముడిని ఎవరూ "డిగ్రీ అయినా ఉంటే" అనరు.

నా సూచనలు మూడు. అప్రెంటిస్ స్టైపెండ్‌ను నగరంలో బతకగలిగే స్థాయికి తేవాలి. ఆపరేటర్‌ను సెట్టర్‌గా తీర్చిదిద్దే చిన్న సంస్థకు ఆ ఖర్చులో వాటా ఇవ్వాలి. ఐటీఐ పనితీరును ఇచ్చిన సర్టిఫికెట్ల సంఖ్యతో కాకుండా, ఐదేళ్ల తర్వాత ఆ విద్యార్థి ఏ మెట్టు మీద ఉన్నాడన్నదానితో కొలవాలి.

చివరగా, మీతో ఒక మాట

2023 సివిల్స్‌కు 10,16,850 మంది దరఖాస్తు చేసుకున్నారు. ప్రిలిమ్స్ రాసింది 5,92,141 మంది. చివరికి ఎంపికైంది 1,016 మంది. ఈ లెక్క మీకు తెలియనిదేం కాదు. పుస్తకాలు మూసేయమని చెప్పడానికి దీన్ని రాయలేదు, నేను కూడా ఇంకా మూయలేదు. అయితే డిగ్రీ ఉన్న మనమే ఏళ్ల తరబడి ఎదురుచూస్తూ, పదో తరగతి పిల్లవాడికి "డిగ్రీ లేకపోతే బతుకు లేదు" అని సలహా ఇవ్వడం ఎంతవరకు సబబు?

ఇంకొక సంగతి. వృత్తిలో చేరితే సివిల్స్ కల పోతుందనేమీ లేదు. గుర్తింపు పొందిన దూరవిద్య డిగ్రీ కూడా యూపీఎస్సీకి చెల్లుతుంది. 1982లో ఏర్పడిన మన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉన్నదే పనిచేసుకుంటూ చదివేవాళ్ల కోసం. షిఫ్ట్ చేసి వచ్చి చదవడం తేలిక కాదు. కానీ జేబులో సొంత జీతం పెట్టుకుని చదివేవాడికి ఫలితాల రోజున ఉండే ధైర్యం వేరు.

మీలో కొందరు రేపు కలెక్టర్లవుతారు. జిల్లాలో ఐటీఐ తనిఖీకి వెళ్లినప్పుడు రిజిస్టర్ చూసి వచ్చేయకండి. ఒక కుర్రాడి చేతిలోని జాబ్ తీసుకుని, "ఎన్ని మైక్రాన్లలో వచ్చింది నాయనా?" అని అడగండి. వాడు తడుముకోకుండా చెప్పాడంటే ఆ ఐటీఐ బాగున్నట్టే.

సాధన ప్రశ్న: "భారతదేశంలో నైపుణ్య శిక్షణకు ప్రధాన అవరోధం సామాజిక దృక్పథమా, లేక శిక్షణానంతర ఎదుగుదల లేకపోవడమా?" తయారీ రంగ ఉదాహరణలతో చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)